ఇంట్లో ఏది ఎప్పుడు నిండుకుంటుందో గుర్తుపెట్టుకునే ఉద్యోగం ఎవరిది?

అరగంట_లేటు
నిన్న రాత్రి ఎనిమిదిన్నరకి పప్పుచారు సగం మరుగుతుండగా గ్యాస్ అయిపోయింది. డబుల్ సిలిండరే కదా అని రెండోది లాగితే చేతికి తేలిగ్గా వచ్చేసింది. ఖాళీ. పోయిన నెల మార్చినప్పుడే బుక్ చెయ్యాలనుకున్నాను, అనుకోవడంతో సరి. ఇండక్షన్ స్టవ్ అటక మీంచి దించితే దాని మీద పనిచేసే గిన్నె ఇంట్లో ఒక్కటే, అందులో పెరుగు తోడేసి ఉంది.

గ్యాస్ ఒక్కటే అయితే ఇక్కడికొచ్చి ఏడ్చేదాన్ని కాదు. శనివారం తెల్ల యూనిఫాం అయితే పెద్దాణ్ణి నీలం చొక్కాతో పంపాను. మామయ్యగారి బీపీ మాత్రలు అయిపోయాయని ఆదివారం రాత్రి పదింటికి తెలిసింది. ఇంటి పన్ను ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గుతుందని తెలుసు. మే 2న గుర్తొచ్చింది. వరసగా ఇది మూడో ఏడు.

మియాపూర్‌లో ఉంటాం. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, మామయ్యగారు. ఫోన్లో మూడు యాప్‌లు పెట్టి చూశాను. పది రోజులు భక్తిగా నింపాను, పదకొండో రోజు నుంచి ఎర్ర చుక్కలు చూస్తే భయమేసి తెరవడం మానేశాను. వైట్‌బోర్డు కొన్నాను, ఇప్పుడు దాని మీద మా చిన్నది గీసిన ఏనుగు ఉంది. చెరిపితే ఊరుకోదు.

పెద్ద పెద్ద పద్ధతులు వద్దు. మీ ఇంట్లో నిజంగా నడుస్తున్నది ఒక్కటి చెప్పండి చాలు. తెల్లారుజామున ఐదింటికి లేవమని మాత్రం అనకండి.

ఉప్మా_వద్దు
నాలుగున్నరకి లేవండి.

కాకినాడ_కాజా
పైన కుర్రాణ్ణి వదిలెయ్యండి, అతనికి పెళ్ళి కాలేదు.

మా ఇంట్లో నడిచేది గోడ క్యాలెండరు. వంటింట్లో, స్టవ్‌కి చెయ్యి చాచినంత దూరంలో. పెద్ద గడులుండే తెలుగు క్యాలెండరే కావాలి, బొమ్మల క్యాలెండరు పనికిరాదు. దానికో పెన్సిలు దారంతో కట్టాలి. కట్టకపోతే పెన్సిలుండదు, పెన్సిలు లేకపోతే క్యాలెండరు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

సిలిండరు మార్చిన రోజు గడిలో ‘గ్యా’. పాలు రాకపోతే అడ్డగీత, ఒక ప్యాకెట్టు ఎక్కువ తీసుకుంటే +1. ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు ‘ఇ 14’. పనావిడ రాని రోజు చిన్న సున్నా. నెలాఖరుకి గడులు లెక్కపెడితే అన్ని పద్దులూ అక్కడే. మా అత్తగారు ఇలాగే రాసేవారు, ఇప్పుడు నేనూ అంతే. మేం ఆరుగురం, సిలిండరు 24 నుంచి 26 రోజులొస్తుంది. పోయిన ‘గ్యా’ ఎక్కడుందో చూస్తే ఇంకెన్నాళ్ళో తెలిసిపోతుంది.

ఇంకోటండి, కొత్త సిలిండరు బిగించిన చేత్తోనే ఖాళీదానికి బుక్ చేసెయ్యాలి. రెగ్యులేటరు టిక్కుమన్నాక ఫోను తియ్యాలి. తర్వాత చేద్దాం అన్నారా, మళ్ళీ పప్పుచారే.

వరంగల్_వదిన
కాజా శెప్పింది నిజం. ఒకవేళ తారీకు రాసుడు మర్శిపోతే తడిబట్టతోని సిలిండరు పక్కకు తుడువుర్రి. ఎక్కడికెంచి కింద తడి జెర ఆలస్యంగ ఆరుతదో గాడిదాంక గ్యాస్ ఉన్నట్టు. నేను లేపి చూసుడు ఎప్పుడో బంద్ జేసిన, నడుము వట్టుకుంటది.

అరగంట_లేటు
వదినా, ఇప్పుడే తుడిచి చూశాను. నిజంగానే గీత కనిపిస్తోంది! మా ఆయన్ని పిలిచి చూపిస్తే సైన్సు ప్రయోగం చూసినట్టు చూశారు.

స్టోర్స్_బాబు
సిలిండరు దగ్గరే ఉన్నారు కాబట్టి ఇంకో రెండు చూడండి. పై పట్టీల మీద D-28 లాంటి అక్షరం, అంకె ఉంటాయి. ఆ సిలిండరుకి మళ్ళీ పరీక్ష చెయ్యాల్సిన గడువది. A అంటే జనవరి–మార్చి, B ఏప్రిల్–జూన్, C జులై–సెప్టెంబర్, D అక్టోబర్–డిసెంబర్. D-28 అంటే 2028 ఆఖరు మూడు నెలలు. గడువు దాటింది తెస్తే డెలివరీ దగ్గరే తిప్పి పంపొచ్చు. రెండోది ట్యూబు. అయిదేళ్ళకోసారి మార్చాలి, ఎప్పటిదో దాని మీదే ముద్రించి ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. నేను పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. బోల్టులు, వాషర్ల లాంటి చిల్లర సామానుకి మేం రోజూ లెక్క చూడం. ఒక్కో రకానికి రెండు డబ్బాలు. ముందు డబ్బాలోంచి వాడతారు. అది ఖాళీ కాగానే వెనకది ముందుకి జరుగుతుంది, ఖాళీ డబ్బా స్టోర్స్‌కి వస్తుంది. ఆ ఖాళీ డబ్బానే ఆర్డరు. చీటీ లేదు, ఫోను లేదు, ఎవడూ ఏదీ గుర్తుపెట్టుకోడు. టయోటా కార్ల కంపెనీవాళ్ళ కాన్‌బాన్, అంటే వాడినంత మేరకే మళ్ళీ తెప్పించుకునే పద్ధతి, దాని గురించి మాకు రెండ్రోజులు క్లాసు చెప్పారు. నాకర్థమైనంతలో దాని అతి చిన్న రూపం ఈ రెండు డబ్బాలే.

ఇంట్లో ఏం చేశానంటే, కందిపప్పు, నూనె, ఉప్పు, సర్ఫు, టూత్‌పేస్టు, కాఫీపొడి ఇలాంటివి ఎప్పుడూ ఒకటి వాడకంలో, ఒకటి వెనక. వెనకది తెరిచినవాళ్ళు, తెరిచింది మా ఏడేళ్ళ పాపైనా సరే, ఖాళీ ప్యాకెట్టు మూల కత్తిరించి ఫ్రిజ్ మీద క్లిప్పుకి గుచ్చాలి. శనివారం ఆ క్లిప్పు జేబులో వేసుకుని కిరాణా కొట్టుకి వెళ్తాను. ఏ బ్రాండు, ఎంత బరువు అన్న గొడవ కూడా లేదు, ముక్క మీదే ఉంటుంది.

అన్నిటికీ చెయ్యకండి. ఏది లేకపోతే ఇల్లు ఆగిపోతుందో వాటికే. మాకు పద్నాలుగు వచ్చాయి. మొదట ముప్పై పెట్టి నేనే చేతులెత్తేశాను.

ఉప్మా_వద్దు
నేనుండేది అమీర్‌పేటలో ఒక్క గది. ప్రతిదీ రెండేసి పెడితే నేను కారిడార్లో పడుకోవాలి.

వరంగల్_వదిన
బాబూ, గది సంగతి పక్కకు పెట్టు. వానకాలంల కందిపప్పు రెండేసి కిలోలు పెడితే పురుగు వడతది. అరకిలో ప్యాకెట్టు ఎన్కకు పెట్టుకోవాలె, అంతే. పెద్ద డబ్బాలకు పోసెటప్పుడు జెర దోరగ ఏంచి, సల్లారినంక పోసి, నాలుగు ఎండుమిరపకాయలు ఏస్త. గోధుమపిండి అయితే రెండోది ఉంచనే ఉంచ.

గోడమీద_పిల్లి
ఇంత తతంగం దేనికో నాకర్థం కావట్లేదు. మా ఇంట్లో నా నియమం ఒకటే. ఏం కావాలో నాకు చెప్తే చేస్తా. చెప్పిన పని ఏనాడూ కాదనలేదు. మా ఆవిడ చెప్పదు, తర్వాత చెయ్యలేదని కోప్పడుతుంది.

కాకినాడ_కాజా
వచ్చారండీ.

చెప్పడమే కదండీ అసలు పని! పప్పు తేవడానికి పది నిమిషాలు. పప్పు అయిపోవచ్చిందని కనిపెట్టడం, ఎల్లుండి చుట్టాలొస్తున్నారు కాబట్టి అరకిలో కాదు కిలో కావాలనుకోవడం, మీరు ఆ దారిన ఏ రోజు వెళ్తారో చూసుకోవడం, ఆ టైముకి మీకు ఫోన్ చెయ్యడం, మీరు పెసరపప్పు తెస్తే ఏమీ అనకుండా ఊరుకోవడం. వీటికెంతో లెక్కేశారా?

గోడమీద_పిల్లి
పెసరపప్పు ఒక్కసారే తెచ్చాను. మీకెలా తెలుసు?

కాకినాడ_కాజా
అందరూ తెస్తారు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
మా చిన్నతనంలో ఇన్ని క్లిప్పులూ గడులూ లేవు. ఏ వస్తువు తీస్తే మళ్ళీ అక్కడే పెట్టేవారు, చీకట్లో వెళ్ళినా అగ్గిపెట్టె చేతికి తగిలేది. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని పెద్దలు ఊరికే అనలేదు.

అరగంట_లేటు
మాస్టారూ, మీరు పెద్దవారు, గౌరవంగానే అడుగుతున్నాను. ఇంటిని చూసి ఇంటాయన్ని ఎందుకు చూడమనలేదండీ?

వరంగల్_వదిన
గిదీ మాట.

రాత్రి_డ్యూటీ
సామెతల గొడవ సాగుతూ ఉండనివ్వండి. మాత్రల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా. విశాఖలో నర్సుని.

పైన స్టోర్స్‌బాబు రెండు డబ్బాలన్నారే, మందులకీ అదే లెక్క. షీటు కొన్న రోజే చివరి అయిదు మాత్రల వెనక ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీత గీయండి. గీత దగ్గరికి రాగానే కొనాలి. షీటుని గడువు తేదీ లేని వైపు నుంచి వాడుకుంటూ రండి, తేదీ ఆఖరిదాకా మిగులుతుంది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళ సంచుల్లో సగం షీట్లకి పేరుండదు, తేదీ ఉండదు, రెండు మాత్రలుంటాయి.

వారం రోజుల గడుల డబ్బా మంచిదే. కానీ కొన్ని మాత్రలు షీటులోంచి ముందే తీసి ఉంచకూడదు, మందుల షాపులో అడిగి వెయ్యండి. ఆ డబ్బా నింపడం కూడా మీ మామయ్యగారినే చెయ్యనివ్వండి. చూపూ చేతులూ బాగుంటే వాళ్ళకది అవమానం కాదు, కాలక్షేపం. మా నాన్న ఆదివారం పేపరు చదివాక డబ్బా ముందేసుకుని బ్యాంకు లాకరు తెరిచినట్టు నింపుతారు.

ఫ్రిస్కో_బాచి
టెక్సస్ నుంచి. మాకు పనావిడా లేదు, ఇస్త్రీ ఆయనా లేడు, కాబట్టి నేను చెప్పేది మీకెంత పనికొస్తుందో తెలీదు. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. రాత్రి పడుకునే ముందు సింకు ఖాళీ. డిష్‌వాషర్ సగమే నిండినా సరే తిప్పేస్తాం, పొద్దున్న కాఫీ దిగేలోపు నేను సర్దేస్తాను. అది నా పని. మా ఆవిడ దాని వైపు చూడదు, నేను ఊరెళ్తే తప్ప.

ఈ చర్చ పేరు చూసి ఒకటి గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు ఇక్కడికి వచ్చారు. ఒకరోజు ఆఫీసుకి ఫోన్ చేసి “బాబూ, బియ్యం నిండుకున్నాయి” అన్నారు. నేను హైదరాబాదులో హాస్టళ్ళలో పెరిగినవాణ్ణి. డబ్బా నిండింది కాబోలు, చెప్పుకోవడానికి చేశారు పాపం అనుకుని “చాలా సంతోషం అత్తయ్యా” అని పెట్టేశాను. ఆ రాత్రి రొట్టెలు.

ఉప్మా_వద్దు
“చాలా సంతోషం అత్తయ్యా” 😂😂 ఇది రాసి గోడకి తగిలిస్తా.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
బాచీ, ఇంట్లో ధాన్యం ‘లేదు’ అనకూడదని ఆ మాట. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాం చూడు, అలాంటిదే. అయిపోయినదాన్ని నిండిందనే భాష మనది. మీ అత్తగారు సవ్యంగానే చెప్పారు.

స్టోర్స్_బాబు
మా ఫ్యాక్టరీలో ఇలా మాట్లాడితే లైను ఆగిపోతుంది మాస్టారూ.

గోడమీద_పిల్లి
నన్ను అందరూ వేసుకున్నారు కానీ ఒకటి చెప్పండి. నేను నా అంతట నేను ఏదైనా చేస్తే అది తప్పే. పోయిన నెల గిన్నెల అరలు సర్దాను, ఆదివారం మొత్తం పట్టింది. సాయంత్రానికి మళ్ళీ పాతచోట్లకే చేరాయి. బాణలి ఎక్కడుండాలో ఆవిడకో శాస్త్రం ఉంది, అది నాకెవరూ చెప్పలేదు.

అరగంట_లేటు
ఇందులో పిల్లిగారి తప్పేమీ లేదు, నేనూ అలా చేస్తాను. మా ఆయన మడతపెట్టిన దుప్పట్లు ఆయన అటు వెళ్ళగానే విప్పి మళ్ళీ మడతపెట్టాను ఒకసారి. చూసేశారు. ఆ తర్వాత దుప్పట్ల జోలికి రాలేదు.

ఫ్రిస్కో_బాచి
అందుకే పని మొత్తం ఒకరికి ఇచ్చెయ్యాలి. సగం కాదు. మా దగ్గర పచారీ సామాను మొత్తం ఆవిడది, గిన్నెలు మొత్తం నావి. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఎంత పెట్టి కొన్నారో నేనడగను, స్పూన్లు ఏ సొరుగులో వేశానో ఆవిడ అడగదు. మొదటి రెండు నెలలు నాలిక కరుచుకోవాల్సి వచ్చింది ఇద్దరికీ. గుర్తుపెట్టుకోవడం, చెయ్యడం, మర్చిపోతే మాట పడటం, మూడూ ఒకరివే.

కాకినాడ_కాజా
మీ ఇద్దరే కాబట్టి కుదిరింది. ఉమ్మడి కుటుంబంలో ‘మొత్తం నాది’ అంటే అది యుద్ధ ప్రకటన. మా తోటికోడలి పోపులపెట్టెలో నేను మెంతుల గిన్నె జరిపినందుకు మూడ్రోజులు మాటల్లేవు.

వరంగల్_వదిన
ఇగ నా ముచ్చట. అన్నిటికన్న పెద్ద పని ‘ఇయ్యాల ఏం వండాలె’ అని ఆలోచన జేసుడు. నాకు పొద్దుగాల లేవంగనే గదే గుబులు. అందుకని వారం ఖాయం జేసిన. సోమారం పప్పు. మంగళారం పుల్కలు, కూర. బుధారం గుడ్లు. బేస్తారం పచ్చిపులుసు, వేపుడు. శుక్రారం సాంబారు. శనారం మాకు ఒక్కపొద్దు, రాత్రి టిఫినే. ఐతారం కూర ఎట్లనూ ఐతారం కూరనే. పప్పుల ఏ ఆకేస్తవో అంగట్ల ఏది మంచిగుంటె అది. పిల్లలు కూడ అడుగుడు బంద్ జేసిన్రు.

పిండి ముచ్చట గూడ గంతే. శనారం నానబెట్టుడు, ఐతారం రుబ్బుడు. సోమారం మంగళారం ఇడ్లి, బుధారం దోశ, బేస్తారం ఉల్లిగడ్డ ఊతప్ప, శుక్రారం పొద్దుమీకి మిగిలినదాంట్ల జెర మైదా కలిపి పునుగులు. పిండి పులిసేది పులుస్తనే ఉంటది, మనం దాని ఎన్క పోవుడే.

ఉప్మా_వద్దు
వదినా, శుక్రవారం సాయంత్రం మీ అడ్రసు?

కాకినాడ_కాజా
ఇడ్లీ పిండితో దోశా? మేం రెండూ వేరు రుబ్బుతాం. ఇడ్లీకి ఒకటికి రెండు రవ్వ, దోశకి ఒకటికి మూడు బియ్యం.

వరంగల్_వదిన
నువ్వు వేరు రుబ్బుతవ్, నేను ఒక్కటే రుబ్బుత. మినుప ఒకటికి ఇడ్లి బియ్యం మూడు. సాలు. వేరు వేరు రుబ్బితే గీ చర్చల రాయనీకి టైమెక్కడిది?

రాత్రి_డ్యూటీ
బట్టల కుర్చీ గురించి ఎవరూ మాట్లాడరేం? ప్రతి ఇంట్లో ఒక కుర్చీ ఉంటుంది, దాని మీద ఎవరూ కూర్చోరు. ఉతికినవీ కాదు, మాసినవీ కాదు, ఆ మధ్యరకం బట్టలన్నీ దాని మీదే.

గోడమీద_పిల్లి
మా ఇంట్లో ఆ కుర్చీ తీసేశాం. ఇప్పుడవి ట్రెడ్‌మిల్ మీద ఉంటున్నాయి.

స్టోర్స్_బాబు
తలుపు వెనక మనిషికి రెండేసి కొక్కేలు కొట్టండి. మూడోది వెయ్యాలంటే ఒకటి తియ్యాలి. చోటు తక్కువైతేనే సర్దడం జరుగుతుంది, బీరువా పెద్దదైతే చెత్త పెద్దదవుతుంది.

అరగంట_లేటు
ఈ వానల్లో మాకు మొత్తం హాలే బట్టల కుర్చీ. బాల్కనీలో ఆరట్లేదు, ఫ్యాను కింద తాళ్ళు కట్టాం. నిన్న మామయ్యగారు టీవీ చూడ్డానికి రెండు టవళ్ళు తప్పించుకుని కూర్చున్నారు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
అమ్మా అరగంట_లేటూ, నువ్వడిగిన ప్రశ్నకి రెండ్రోజులుగా జవాబు రాయలేదు. రాయలేకపోయాను.

రెండేళ్ళ క్రితం మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు ఇల్లు నేను చూశాను. తెనాలిలో మేమిద్దరమే ఉంటాం, పిల్లలు దూరం. మొదటి రోజు పోపు పెట్టబోతే ఇంగువ దొరకలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు అదే ఇంట్లో ఉన్నాను. గదిలోంచి ఆవిడ చెప్తోంది, “రెండో అరలో, చింతపండు జాడీ వెనక, పాత హార్లిక్స్ సీసాలో” అని. హార్లిక్స్ సీసాలో ఇంగువ ఉంటుందని నేనెలా అనుకుంటాను?

లెక్కల మాస్టర్ని కదా, ఆవిడ గుర్తుపెట్టుకునేవన్నీ ఒక కాగితం మీద రాయాలని కూర్చున్నాను. పక్కన కుర్చీ వేసుకుని అడిగాను. కుక్కరు గాస్కెట్ ఎప్పుడు మార్చింది. ఆవకాయ మూడోరోజు తిరగ్గలపడం. నీళ్ళు ఏ పూట వస్తాయి, మోటారు ఎంతసేపు. పాలబ్బాయికి ఎన్నో తారీకున డబ్బు. వానలు పడకముందే కందిపప్పు ఎండబెట్టడం. ఎదురింటివాళ్ళ స్టీలు గిన్నె ఒకటి మన దగ్గరుంది, ఖాళీగా తిరిగివ్వకూడదు. ఆ చాకలిపద్దు ఫుల్‌స్కేపు రెండు వైపులా నిండింది. అరవై మూడు అంశాలు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి కాలం-పని లెక్కలు చెప్పాను. ఒక పనిని ఇద్దరు చేస్తే ఎన్ని రోజులు, ముగ్గురు చేస్తే ఎన్ని రోజులు. పని ఉందని గుర్తుపెట్టుకోవడానికి ఎన్ని రోజులో ఏ లెక్కలోనూ లేదు.

ఆ కాగితం ఇప్పటికీ వంటింటి తలుపుకి ఉంది. అందులో ఇరవై రెండు నావి. ఆవిడ మోకాలు నయమయ్యాక కూడా వెనక్కి తీసుకోలేదు, నేనూ ఇవ్వలేదు. సామెత ఎత్తినందుకు మా ఆవిడ చేత తిట్లు పడ్డాయి, ఈ చర్చ ఆవిడా చదువుతోంది.

కాకినాడ_కాజా
మాస్టారూ. ఆ గిన్నె తిరిగిచ్చారా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
సున్నుండలు పెట్టి ఇచ్చాం. ఇప్పుడు వాళ్ళ డబ్బా ఒకటి మా దగ్గరుంది.

గోడమీద_పిల్లి
నేనూ ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను నిన్న. మా ఆవిడ “ఏం, ఉద్యోగం పోయిందా” అంది.

వరంగల్_వదిన
🤣🤣 పోలేదని శెప్పి, రాసుకో ఇగ.

అరగంట_లేటు
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

మాస్టారి కాగితం మేమూ రాశాం. ఆదివారం పొద్దున్న, టీవీ ఆపేసి. మాకు నలభై ఒకటి వచ్చాయి. నేను ఏకరువు పెడుతుంటే మా ఆయన రాశారు. సగంలో పెన్ను ఆపి “ఇవన్నీ ఎప్పుడూ నీ బుర్రలో తిరుగుతుంటాయా” అన్నారు. తిరుగుతుంటాయి, అందుకే పప్పుచారు దగ్గర ఆగిపోతుంటాను అన్నాను.

బాచి చెప్పినట్టు గ్యాస్ మొత్తం ఆయనకి ఇచ్చేశాను. తారీకు, బుకింగు, ట్యూబు, అన్నీ. ట్యూబు చూస్తే మాది ఆరేళ్ళ నాటిది, ఆ సాయంత్రమే మార్పించారు. స్కూలు విషయాలు కూడా ఆయనకే ఇద్దామనుకున్నాను కానీ నా వల్ల కాలేదు, నిజం ఒప్పుకుంటున్నా. తెల్ల చొక్కా మాత్రం శుక్రవారం రాత్రి పెద్దాడే తీసి కొక్కేనికి తగిలించాలి. ఒక శనివారం మర్చిపోయాడు. నేను చూసి కూడా నోరు మూసుకున్నాను. క్లాసులో మేడం అడిగారట. తర్వాతి వారం గురువారమే తగిలించేశాడు.

మామయ్యగారు మాత్రల డబ్బా తెప్పించుకున్నారు. రాత్రి_డ్యూటీ గారూ, అచ్చం మీ నాన్నగారిలాగే, తలుపు వేసుకుని మరీ నింపుతున్నారు. ఎర్రగీత మాత్రం నేను గీయకముందే ఆయనే గీసేశారు, చివరి అయిదుకి కాదు, పదికి. “మీ అయిదు మీద నాకు నమ్మకం లేదమ్మా” అన్నారు.

వదిన వారం పట్టిక మూడు రోజులు నడుస్తోంది, నాలుగు రోజులు నడవట్లేదు. మూడు చాలు ప్రస్తుతానికి. క్లిప్పు బాగా పనిచేస్తోంది. కాకపోతే మా చిన్నది తెరవని బిస్కెట్ ప్యాకెట్ల మూలలు కూడా కత్తిరించి గుచ్చుతోంది.

స్టోర్స్_బాబు
ఆర్డరు పెంచే పద్ధతి కనిపెట్టింది. మా దగ్గర ఉద్యోగం ఇప్పిస్తా.

ఫ్రిస్కో_బాచి
దుప్పట్లు?

అరగంట_లేటు
ఆయనే మడతపెడుతున్నారు. నేను ఆ గదిలోకి వెళ్ళట్లేదు.

ఉప్మా_వద్దు
ఇంటి పన్ను మాటేంటి? ఏప్రిల్ దాకా ఈ చర్చ గుర్తుంటుందా మీకు?

అరగంట_లేటు
వచ్చే ఏడాది క్యాలెండరు ఇంకా రాలేదుగా. ఈ ఏడాది డిసెంబరు పేజీలో ‘కొత్త క్యాలెండర్లో ఏప్రిల్ 1 మీద పన్ను అని రాయాలి’ అని రాశాను.

కాకినాడ_కాజా
అంటే గోడ క్యాలెండరు పెట్టారన్నమాట. నా మాట విన్నందుకు సంతోషం. పెన్సిలు దారంతో కట్టారా?

అరగంట_లేటు
కట్టాను కాజాగారూ. గట్టిగానే కట్టాను.

దారం ఉంది.